మూడు కూడా రాజే

ఉన్నదంతా నా మీద పందెం కాసిన మనిషి, తన చేతిలో ఏముందో నాకు చెప్పేశాడు. నోటితో కాదు. కింది పెదవిని నడిమికి పళ్ళ కింద పెట్టి చిన్నగా నొక్కి వదిలేశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళెవరూ చూడలేదు. చూసినా ఏమర్థమవుతుంది, ఈ ఎడారి గాలికి ముసలాడి పెదవి పగిలిందనుకుంటారు. నాకు మాత్రం వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. స్పెయిన్ వైపు కొండల నుంచి వలస వచ్చిన మా బాస్కుల ముస్ అనే పేకాటలో, ఎదురుగా కూర్చున్న జోడీకి అలా పెదవి కొరికి చూపిస్తే, నా దగ్గర రెండు రాజులున్నారని అర్థం. బెన్యాట్, నేనూ ఆ ఆటలో ఇరవై ఏళ్ళకు పైగా జోడీ. కానీ ఇది ముస్ కాదు. ఇది ఎల్కో అనే ఈ ఎడారి ఊళ్ళో మెయిన్ రోడ్డు మీది చిన్న కాసినో, ఆదివారం మధ్యాహ్నం, పోకర్ బల్ల. ఇక్కడ జోడీలుండవు. ఇక్కడ అతని పందెం బిళ్ళలు అతనివి, నా బిళ్ళలు నావి, ఈ ఆటలో మిగిలింది మేమిద్దరమే.

"ఏం చేస్తావమ్మా గ్రాషీ?" అంది లొరీనా. ముక్కలు పంచేది ఆమె. తొందరేం లేదన్నట్టే అడుగుతుంది, అలా అడిగితేనే తొందర పుడుతుంది నాకు.

ఏం చేస్తాను. నా చేతిలో ఇస్పేటు రాజు, డైమన్ రాణి. బల్ల మధ్య అందరికీ కలిపి పరిచిన ఐదు ముక్కలు: ఆటీన్ రాజు, కళావరు రాజు, ఆటీన్ తొమ్మిది, తర్వాత వచ్చిన ఇస్పేటు మూడు, చివరికి పడ్డ డైమన్ ఏడు. చేతిలోవి రెండు, బల్ల మీదివి ఐదు, ఆ ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే పందెం కుప్ప వాళ్ళది. నాకు మూడు రాజులు. ఆదివారం బల్ల దగ్గర మూడు రాజులొస్తే ఎవరైనా మెల్లగా ఊపిరి పీల్చుకుని అమాయకంగా ముఖం పెడతారు. నేనూ పెట్టాను. మొదటి మూడు ముక్కలకి పందెం కాశాను, అతనూ అంతే వేసి వచ్చాడు. నాలుగో ముక్కకి కాశాను, వచ్చాడు. ఐదో ముక్కకి మళ్ళీ కాశాను, అప్పుడు బెన్యాట్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, రెండు చేతులతో తన బిళ్ళల దొంతరలన్నీ ముందుకు తోశాడు, గొర్రెల్ని దొడ్డిలోకి తోలినట్టు, ఒక్కటి కూడా వెనక మిగలకుండా. నేను ఆ పందేనికి ఒప్పుకుని కాల్ అనాలంటే నా ముందున్నవన్నీ లోపలికి పోవాలి. గెలిస్తే బాయిసీ. ముక్కలు పడేసి తప్పుకుంటే సగం మిగులుతుంది, సగంతో బాయిసీ రాదు. కాల్ అని ఓడిపోతే రేపు పొద్దున్న యథాప్రకారం హోటల్ వంటింట్లో చిక్కుడు గింజలు నానబోసుకోవడమే, ఇంకో ఏడాది, ఆ తర్వాత ఇంకో ఏడాది. బాయిసీ ఊళ్ళో నేను చూసి పెట్టుకున్న భోజనాల కొట్టు చిన్నది, ఆరు బల్లలు, వీధి వైపు పెద్ద అద్దం, ఉదయపు ఎండ నేరుగా పొయ్యి మీద పడుతుంది. సోమవారానికల్లా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకొకళ్ళకి వెళ్ళిపోతుంది. అరవై మూడేళ్ళొచ్చాయి, ఇప్పటిదాకా నేను వండిన ప్రతి సూపూ ఇంకొకరి పేరు మీద బల్ల చేరింది. ఒక్కసారి తలుపు మీద నా పేరు రాయించుకోవాలని ఉంది. దీనికోసమే నెలల తరబడి ఆదివారాలు ఈ కుర్చీలో కూర్చున్నాను, గెలిచింది ఖర్చు పెట్టకుండా మళ్ళీ బల్ల మీదికే తెచ్చాను. ఇవన్నీ బెన్యాట్‌కి తెలుసు. నేనే చెప్పాను, గురువారం, సూపు వడ్డిస్తూ.

రెండు రాజులన్నాడు. లెక్క చూడు గ్రాషీ, భయపడక ముందు లెక్క చూడు. పేకలో ఉన్నదే నలుగురు రాజులు. ఇద్దరు బల్ల మీద, అందరి కళ్ళ ముందే ఉన్నారు. ఒకడు నా అరచేతి కింద ఉన్నాడు. మిగిలింది ఒక్క డైమన్ రాజు. ఒక్కడుండగా ఇద్దరెక్కడి నుంచి వచ్చారు. ఉంగరం వేలికి బిగుసుకుపోయింది, తిప్పితే గాని కదలడం లేదు. ఇద్దరు రాజులు అతని దగ్గర ఉండటం కుదరదు. అంటే సైగ అబద్ధం. అబద్ధం. ఆ మాట మనసులోకి రాగానే ముక్కల్ని బల్లకి అదిమి పట్టుకున్నాను. పోకర్లో అబద్ధం చెప్పడం తప్పు కాదు, చెప్పడానికే వస్తాం. ముస్‌లో కూడా నోటితో ఎన్ని అబద్ధాలైనా చెప్పొచ్చు, చేతిలో చెత్త పెట్టుకుని చక్రవర్తిలా కేకలు పెట్టొచ్చు, ఓర్దాగో అని అరిచి ఆటంతా ఒక్క మాట మీద పందెం కాయొచ్చు. సైగ మాత్రం నిజం కావాలి. సైగ చేయకపోవచ్చు, చేస్తే నిజమే చేయాలి. మావాళ్ళ పిల్లలకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు ఈ సంగతి, రొట్టె విరుచుకు తినడం తెలిసినట్టు తెలిసిపోతుందంతే. మా బాస్కు క్లబ్బులో ఒకతనుండేవాడు, ఎత్తుగా, నవ్వు మొహంతో, అకార్డియన్ బాగా వాయించేవాడు. ఒక ఫిబ్రవరి పోటీలో కన్ను గీటాడు, ముక్కలు తిప్పితే గీటిన కన్నుకి తగ్గవి లేవు. ఎవరూ తిట్టలేదు. ఆ తర్వాత కూడా అతనికి కాఫీ పోశారు, పిల్లల పెళ్ళిళ్ళకి పిలిచారు, అకార్డియన్ వాయిస్తే గంతులేశారు. ముస్ బల్ల దగ్గర అతని ఎదుటి కుర్చీలో మాత్రం మళ్ళీ ఎవరూ కూర్చోలేదు. చాలా ఏళ్ళు ఆ బల్లల పక్కన నిలబడి చూసేవాడు. బెన్యాటే ఒకసారి అన్నాడు అతన్ని చూసి, పాపం వాడికి కాళ్ళు నొప్పులు పుట్టవూ అని. అన్నాడే గానీ లేచి వెళ్ళి ఎదుట కూర్చోలేదు. అటువంటి బెన్యాట్ నాకు పెదవి కొరికి అబద్ధం చెప్పాడా.

అతని మొహం వైపు చూడటం లేదు నేను. అతని చేతులు చూస్తున్నాను. కణుపులు లావెక్కిన చేతులు, ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో గొర్రెబొచ్చు కత్తెరలో పడి నల్లగా, రెండుగా చీలి పెరుగుతుంది. మిషెల్ పోయిన వారానికి ఆ చేతులే మా వంటింటి బల్ల మీద పిండిని పక్కకి తుడిచి స్పెయిన్ పేక పెట్టాయి. మిషెల్ నా భర్త. బెన్యాట్, అతనూ ఒకే ఏడు వచ్చారు ఇక్కడికి, ఒకే గొర్రెల మంద వెనక నడిచారు, ముస్‌లో జోడీ కట్టారు. మిషెల్ గుండె జనవరిలో ఆగింది. క్లబ్బు పోటీ ఫిబ్రవరిలో. "నాకు జోడీ కావాలి" అన్నాడు బెన్యాట్, ఓదార్చడానికి వచ్చిన మనిషి. నాకు ఆట రాదన్నాను. "రొట్టె పిండి పిసకడం వచ్చుగా, ఇదీ ఆ చేతులతోనే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, రొట్టె పిండి ముద్ద తీసి కొట్టాలనిపించింది, కొట్టకుండా కూర్చున్నాను. పాయింట్లు లెక్కపెట్టే రాళ్ళకి బదులు చిక్కుడు గింజలు పెట్టి నేర్పాడు. నాలుక కొస బయటపెడితే రెండు ఆసులు. కన్ను గీటితే ముక్కల మొత్తం ముప్పై ఒకటి, అన్నిటికన్నా పెద్దది. కళ్ళు రెండూ మూసుకుంటే, నా దగ్గర ఏమీ లేదు, నన్ను నమ్ముకోకు అని. ఆ సైగ అతను చేసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది, అంత పెద్ద మనిషి పసిపిల్లాడిలా కళ్ళు మూసుకుంటే. "నోటితో ఎన్ని కోతలైనా కొయ్యి పిల్లా, మొహంతో మాత్రం కొయ్యకు" అన్నాడు, అతని జీవితం మొత్తం మీద నాకు చెప్పిన పెద్ద ఉపన్యాసం అదే. నాకప్పుడు నలభై దాటింది, పిల్లా అంటాడు. ఇప్పుడూ అంటాడు. ఆ నెలంతా నేను రాత్రిపూట ఏడవడానికి బదులు ముక్కలు కలిపాను. పోటీలో మొదటి రౌండులోనే ఓడిపోయాం. ఇంటికి వచ్చేటప్పుడు మంచులో లారీ నడుపుతూ, పెదవి సైగ బాగా చేస్తున్నావు, నాలుక మాత్రం మరీ ఎక్కువ బయటపెడుతున్నావు, ఆవు దూడని నాకినట్టు అన్నాడు. మిషెల్ పోయాక నేను నవ్వింది అదే మొదటిసారి.

స్పెయిన్ పేక. గడ్డాల రాజులున్న పేక. అందులో—

ఓరి దేవుడా. మూడు.

ముస్‌లో మూడు కూడా రాజే. పేకలో రాజులు నలుగురే గానీ ఆటలో ఎనమండుగురు. మూడు అంకె ముక్క ఏదైనా రాజు కిందే లెక్క. రెండు రాజులన్న సైగకి, చేతిలో రెండు మూళ్ళున్నా సరే, ఒక రాజూ ఒక మూడూ ఉన్నా సరే, నిజమే అవుతుంది. బల్ల మీద ఇస్పేటు మూడు ఉంది, నాలుగో ముక్కగా పడింది, నేను దాన్ని పట్టించుకోలేదు, చిన్న ముక్క కదా అని. అతని దగ్గర రెండు మూళ్ళుంటే బల్ల మీది మూడుతో కలిసి మూడు మూళ్ళు, ఆ పైన రెండు రాజులు, ఫుల్‌హౌస్. డైమన్ రాజూ ఒక మూడూ ఉంటే ఇంకా పెద్ద ఫుల్‌హౌస్. ఎలా చూసినా నా మూడు రాజులు దాని కింద చితికిపోతాయి. నేను ఓడిపోయాను. ఓడిపోయానని తెలియగానే నాకు కలిగింది, సిగ్గు లేకుండా చెబుతాను, సంతోషం. అబద్ధం చెప్పలేదు. నా ముసలాడు నాకు అబద్ధం చెప్పలేదు. వీపు మీది చలి పోయింది, చెవులు వెచ్చబడ్డాయి.

"మేడమ్, ఇంట్లో పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చారా" అన్నాడు వేడ్. బంగారు గనిలో లారీ నడిపే కుర్రాడు, ఈ ఆటలో ముందే ముక్కలు పడేశాడు, ఇప్పుడు వేరుశనగలు ఒలుచుకుంటున్నాడు. "లేదు, ఊరికే అడుగుతున్నా. మా ఆవిడకి అయిదింటికి వస్తానని చెప్పాను."

"చెప్పేదేదో ఏడింటికని చెప్పాల్సింది నాయనా" అన్నాను. "నన్ను ఆలోచించుకోనీ."

"ఆలోచించండి. ఆయన్ని చూస్తే ఆయనేం ఆలోచిస్తున్నట్టు లేదు."

ముక్కలు చేతిలో ఉండగా ఈ బల్ల దగ్గర ఇంగ్లీషు తప్ప ఇంకో భాషలో నోరెత్తకూడదు, లొరీనా ఒప్పుకోదు. ఒకసారి బెన్యాట్ బిళ్ళలు తోస్తూ అలవాటుగా ఓర్దాగో అన్నాడు, "ఇంకోసారి అన్నావంటే బయట గొర్రెలతో ఆడుకో" అందామె. అప్పటి నుంచి అతను ఈ బల్ల దగ్గర మాట్లాడటమే మానేశాడు. అతని ఇంగ్లీషు సంతలో ధర అడగడానికి సరిపోతుంది, అంతకు మించి వాడడు. బాస్కు భాషలో మాత్రం ఎక్కువ వాడతాడా. కొండల్లో మంద వెనక గడిపిన ఏళ్ళలో కుక్కతో ఆడిన మాటల్లో సగం కూడా మనుషులతో ఆడి ఉండడు. హోటల్ మేడ మీద గదిలో ఉంటాడు, కింద పొడుగు బల్లకి వంటింటి తలుపు వైపు చివర కూర్చుంటాడు, రొట్టె ముక్కతో పళ్ళెం తుడిచి తుడిచి కడిగినట్టు చేసి నాకు అందిస్తాడు. నా వంట గురించి అతని నోట వచ్చిన గొప్ప మెచ్చుకోలు, ఉప్పు సరిపోయింది. ఒకసారి క్రిస్మస్‌కి, ఉప్పు బాగా సరిపోయింది అన్నాడు, నేను రెండు రోజులు పొంగిపోయాను.

అయితే ఇప్పుడు నేను చేయాల్సిందేమిటి. సైగ నిజం. ఇరవై ఏళ్ళ అలవాటు, చేతిలో రెండు రాజులు చూడగానే పళ్ళు వాటంతట అవే పెదవి మీదికి వచ్చాయి, ఎదుట నేను కనిపించగానే జోడీ అనుకుంది అతని మొహం. పాపం, తను చెప్పినట్టు తనకే తెలియదేమో. అలాగైతే అతని ముక్కలు నేను దొంగచాటుగా చూసినట్టే కదా. చూసి పడేస్తే మిగిలిన సగం దొంగిలించినట్టు. చూడనట్టు నటించి కాల్ అంటే తెలిసి తెలిసి బాయిసీని మంటలో పారేసినట్టు. లొరీనాకి చెప్పనా, ఆట ఆపమననా, ఏమని చెప్తాను, ఈ ముసలాయన పెదవి కొరికాడమ్మా అనా. ఆగు. తెలియకుండా చేశాడా. కళ్ళు మూసుకుని మళ్ళీ చూశాను ఆ క్షణాన్ని. ముస్‌లో బెన్యాట్ సైగ చేసే తీరు నాకు తెలుసు. ముందు కుడివైపువాణ్ణి చూస్తాడు, తర్వాత ఎడమవైపువాణ్ణి, ఇద్దరూ తమ ముక్కల్లో తలలు దూర్చారని నిశ్చయమయ్యాక, వాగు దగ్గర జింక తల వంచినట్టు ఒక్క లిప్తలో పని కానిచ్చి పైకెత్తేస్తాడు. జోడీ చూసిందా లేదా అనేది జోడీ ఖర్మ, ఎన్ని సైగలు నేను చూడక పోగొట్టానో. ఇవాళ, నా కంటి కొసకి అందినంతలో, అతను వేడ్‌ని చూశాడు, వేడ్ వేరుశనగలు ఒలుస్తున్నాడు. లొరీనాని చూశాడు, ఆమె కుప్ప సర్దుతోంది. తర్వాత నా కోసం కాసుకుని కూర్చున్నాడు, నేను తలెత్తేదాకా, నా కళ్ళు అతని కళ్ళని తగిలేదాకా. అప్పుడు కొరికాడు. అది అలవాటు కాదు. అది నాకు రాసి పంపిన ఉత్తరం.

అంటే హెచ్చరిక. రావద్దు పిల్లా, నా చేతిలో పెద్ద ముక్కలున్నాయి, నీ సగం నువ్వు దాచుకో, బాయిసీకి ఇంకో ఆదివారం చూసుకోవచ్చు. అలాంటివాడే అతను. మిషెల్ పోయిన చలికాలంలో నా కట్టెల కొట్టం ఖాళీ కాకుండా ఎవరు నింపుతున్నారో కనిపెట్టడానికి నాకు మార్చి వచ్చింది. చేతిలో రెండు ముక్కలు పైకెత్తాను, లొరీనా వైపు తోసేద్దామని, మణికట్టు కదిలింది కూడా, ఈ పూటకి చాలు, ఇంటికి పోయి వెల్లుల్లి సూపు కాచి అతనికి ఒక గరిటె ఎక్కువ పోస్తాను, ఏమీ అనను, అతనూ ఏమీ అనడు.

మరి పందెం ఎందుకు కాశాడు.

ముక్కలు గాల్లోనే ఆగిపోయాయి. నన్ను కాపాడాలనుకున్నవాడు తోయడం దేనికి. నేను కాసిన దానికి సరిపడా వేసి ఊరుకుంటే చాలు, ముక్కలు తిప్పేవాళ్ళం, పెద్ద ముక్కలు అతనివైతే కుప్ప తీసుకునేవాడు, నా సగం నా దగ్గరే ఉండేది. సైగే అక్కర్లేదు. ఇల్లంటించి, లోపలున్నవాళ్ళని పారిపొమ్మని సైగ చేసే మనిషిని కాపాడేవాడంటామా. ఉన్నదంతా తోసినవాడికి కావలసింది రెండే, నేను రావాలి, లేదా నేను పడేయాలి. నేను రావాలంటే పెదవి కొరకడు. కొరికాడు కాబట్టి నేను పడేయాలి. పెద్ద ముక్కలున్నవాడు ఎదుటివాళ్ళు పడేయాలని ఎందుకు కోరుకుంటాడు. కోరుకోడు. ఖాళీ చేతులవాడే కోరుకుంటాడు. మూడు కూడా రాజేనని నాకు కాసేపటికి తడుతుందని కూడా అతనికి తెలుసు. ఎంత ఓపిగ్గా పన్నాడు. ముందు భయపడతాను, తర్వాత మూడు గుర్తొస్తుంది, గుర్తొచ్చాక పొంగిపోయి పడేస్తాను. నా మనసు ఏ మలుపులో ఎటు తిరుగుతుందో మా ఊరి వీధులంత బాగా తెలుసు అతనికి. తిరిగాను, చివరి మలుపు దాకా అతను గీసిన దారినే వచ్చాను.

ఎందుకు. డబ్బుకా. డబ్బు అతనికి చొక్కా జేబులో మడతలు పడి చిరిగిపోయేదాకా ఉంటుంది. గురువారం నేను బాయిసీ సంగతి చెప్పినప్పుడు చెంచా పళ్ళెంలో పెట్టాడు. "అక్కడ రాత్రి భోజనం ఎన్నింటికి తింటారు?" అని అడిగాడు, అంతే. ఎన్నింటికైతే ఏం, మనిషికి ఆకలేసినప్పుడు తింటారు అన్నాను, నా సంతోషంలో నేనున్నాను. శుక్రవారం పొద్దున్న వంటింటి జాలితలుపు స్ప్రింగు మార్చాడు, ఎవరూ అడగలేదు. సాయంత్రం సామాన్ల గది గడియ. నిన్న పొయ్యి తలుపుకి మడతబందు. చేతిలో పట్టుకారుతో వచ్చి గుమ్మంలో నిలబడటం, నేను ఏంటీ అనడం, ఏం లేదు తలుపు అనడం. ఏం తలుపు. ఇరవై ఏళ్ళుగా కిర్రుమంటున్న తలుపు ఈ వారమే వినబడిందా నీకు. నేనెంత మొద్దుని, మూడు రాజులు చేతిలో పెట్టుకుని ఐదు ముక్కలు చదువుతాను గానీ, గుమ్మంలో నిలబడ్డ మనిషిని చదవలేకపోయాను.

ఇదంతా నా ఊహేమో కూడా. రెండు మూళ్ళు నిజంగానే అక్కడ ఉండొచ్చు. ముసలాడు పందెం కాశాక మనసు మార్చుకుని, అయ్యో పిల్ల మునిగిపోతోందని పెదవి కొరికి ఉండొచ్చు. అలాంటి తిక్క పనులు చేసే మనిషే. అదే నిజమైతే, నేను కాల్ అన్న మరుక్షణం బాయిసీ పోతుంది, మిషెల్ పోయిన తర్వాత నాకు దొరికిన ఒకే ఒక నిజమైన మొహాన్ని నమ్మనందుకు నాకు తగిన శాస్తి కూడా అవుతుంది.

"ఆవిడకి టైము పెట్టమని అడుగుతున్నాను" అన్నాడు వేడ్. "సారీ మేడమ్."

"ఒక్క నిమిషం, గ్రాషీ" అంది లొరీనా. "తర్వాత పది నుంచి వెనక్కి లెక్కపెడతాను."

పడేస్తే ఏమవుతుంది. సగం డబ్బుతో ఇంటికి వెళ్తాను. బాయిసీ పోతుంది, సరే, అది పోనీ, కొట్లు ఇంకా వస్తాయి. రాత్రి అతను పొడుగు బల్ల చివర కూర్చుంటాడు, నేను సూపు పోస్తాను, ఆ సూపులో అతని అబద్ధం తేలుతూ ఉంటుంది. నేను చూడనట్టు ఉంటాను, అతను నేను చూడలేదనుకుంటాడు, లేదా చూశాననే అనుకుంటాడు. ఫిబ్రవరి వస్తుంది. క్లబ్బులో ఎదురెదురుగా కూర్చుంటాం. పెదవి కొరుకుతాడు. నాకు నమ్మబుద్ధి కాదు. ఆ నమ్మకపోవడం నా మొహం మీద కనిపిస్తుంది, నా మొహం అతను చదవగలడు. ఒక్క ఆట ఆడకుండానే మా ఇద్దరికీ తెలిసిపోతుంది, అకార్డియన్ మనిషికి తెలిసినట్టు. దొరకని అబద్ధం ఎక్కడికీ పోదు, కూర్చున్న చోటే కూర్చుంటుంది. దొరికితే, ఇక్కడే, ఈ పచ్చగుడ్డ మీద దొరికితే, తిడతాను, నవ్వుతాను, చెవి మెలిపెడతాను, అక్కడితో దాని ప్రాణం పోతుంది. అతన్ని పట్టుకోవాల్సింది నేనే. ఎదుటి కుర్చీలో కూర్చున్నదాన్ని నేనే కదా.

"పది" అంది లొరీనా. "తొమ్మిది."

తలెత్తి అతని మొహం చూశాను. ఆ సైగ తర్వాత ఇదే మొదటిసారి. పెద్ద చెవులు, పొద్దున్నే గీసుకున్న గడ్డం, గొంతు దగ్గర తెగిన చిన్న గాటు మీద కాగితం ముక్క ఇంకా అంటుకునే ఉంది. పేకాటకి వచ్చేటప్పుడు ఉతికిన చొక్కా వేసుకుంటాడు, ఎందుకంటే మిషెల్ వేసుకునేవాడు. నేను చూడగానే రెండు కళ్ళూ మూసుకున్నాడు. నిద్రకో, ఎండకో, భయానికో. సైగో కాదో నాకు తెలియదు, అప్పటికి నాకది అక్కర్లేదు కూడా.

"కాల్" అన్నాను. నా బిళ్ళలు ముందుకు తోశాను, ఒక దొంతర పడిపోయి గలగలా దొర్లింది. నా ముక్కలు రెండూ తిప్పాను, రాజు, రాణి.

వేడ్ ఈల వేశాడు. బెన్యాట్ కళ్ళు తెరిచాడు. చాలాసేపు నా రాజు వైపు, పాత స్నేహితుణ్ణి సంతలో చూసినట్టు చూశాడు. తర్వాత తన ముక్కలు ఒక్కొక్కటే తిప్పాడు. ఆటీన్ జాకీ. ఆటీన్ పది. రాజు లేడు. మూడు లేదు.

లొరీనా కుప్పంతా నా వైపు జరిపింది. బెన్యాట్ బాస్కులో నోరు తెరిచాడు, ఆమె చెయ్యి అడ్డం పెట్టబోయి, తీసేసింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు వేడ్.

"ఆట అయిపోయింది" అంది లొరీనా. "ఇప్పుడు ఏ భాషైనా ఆయనిష్టం."

"అబద్ధం చెప్పానే పిల్లా" అన్నాడు బెన్యాట్. "నోటితో కాదు, మొహంతో. ఐదో ఆటీన్ వస్తుందనుకున్నాను, రాలేదు. నీ దగ్గర రాజుందని తెలుసు, రాజొస్తే ఉంగరం తిప్పుతావు, క్లబ్బులో అందరికీ తెలుసు ఆ సంగతి, నీ ఒక్కదానికే తెలీదు. పందెంతో బెదిరిస్తే నువ్వు బెదరవు. నువ్వు నమ్మేది నాలో ఒక్క ఈ మొహాన్నే, అందుకని దాన్నే వాడాను. క్లబ్బులో నువ్వేం చెప్పక్కర్లేదు, నేనే చెప్పుకుంటాను, నన్నింక బల్ల దగ్గర కూర్చోబెట్టొద్దని. నువ్వు పడేస్తే బాయిసీ ఒక్క చలికాలం ఆగుతుందనుకున్నాను. ఒక్కటే చలికాలం. అడుగుదామని వారమంతా వంటింటి గుమ్మం దాకా వచ్చాను, వచ్చినప్పుడల్లా నోరు రాక ఏదో ఒక తలుపు బాగుచేసి వెళ్ళాను. ఇంక బాగుచేయడానికి తలుపులు లేవు. వెళ్ళు, పోయి నీ కొట్టు పెట్టుకో, ఉప్పు తగ్గించకు. నాకు కోపమేం లేదు. నీ మొహం చదవడానికే ఇరవై ఏళ్ళు పట్టింది నాకు, ఇంకో మొహం మొదలుపెట్టేంత టైము లేదు, అంతే."